పులి నాలుకా గరుకే, మా ఆవు నాలుకా గరుకే... తేడా ఎక్కడుంది?

రాజాం రమణ (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. ఇవాళ మా అక్క కొడుకుని తీసుకుని విశాఖ జూకి వెళ్లొచ్చాను, వాడు నాలుగో తరగతి. పులి దగ్గర అరగంట నిలబడిపోయాం, వాడు కదలనంటాడు. అదేమో ఒక ఎముకని ముందుకాళ్ల మధ్య ఇరికించుకుని నాకుతోంది. కొరకట్లేదు, ఊరికే నాకుతోంది. జనం గోల కాస్త తగ్గినప్పుడు ఆ చప్పుడు వినపడింది, చెక్క మీద ఉప్పుకాగితం రుద్దినట్టు. ఎముక మీద అంటుకున్న ఎర్రటి పీచు మా కళ్ల ముందే పోయి తెల్లగా తేలింది.

ఇంటికొచ్చాక వాడు సాలలోకి పోయి మా ఆవు చేత చెయ్యి నాకించుకుని వచ్చి "మామయ్యా, దీని నాలుక కూడా గరుకే, మరి ఇది ఎముక ఎందుకు నాకదు" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. దానికి తోడు, పులి మనిషిని ఒక్కసారి నాకితే తోలు ఊడొచ్చేస్తుందని అంటారు కదా, అది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి, రేపు సాయంత్రం లోపు వాడికి ఏదో ఒకటి చెప్పకపోతే నా పరువు పోతుంది.

గంటస్తంభం

ఊడిపోతుంది, ఇందులో డౌటేముంది. మా తాత సర్కస్ వాళ్ల దగ్గర విన్నానని చెప్పేవాడు, సింహం తనని పెంచినవాడి చెయ్యి ప్రేమగా నాకితే తోలు లేచిపోయి రక్తం కారిందట.

పిల్లుల పద్మ

సర్కస్ సంగతి నాకు తెలీదు గానీ మా బొబ్బిలి ఇంట్లో మూడు పిల్లులున్నాయి. వాటిలో పెద్దది తెల్లారగట్ల ఐదింటికి నన్ను లేపడానికి మోచేతి దగ్గర ఒకే చోట నాకుతుంది, నేను లేచేదాకా వదలదు. ఎర్రగా కంది మంట పుడుతుంది, అంతవరకే. అది నాలుగు కిలోల పిల్లి, రెండొందల కిలోల పులి అయితే ఎలా ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

కప్పల మేడం

రమణ గారూ, మీ మేనల్లుడి ప్రశ్న మా డిగ్రీ పిల్లలు అడిగే వాటికంటే బాగుంది. (శ్రీకాకుళంలో జువాలజీ చెబుతాను. ఈ పేరు పిల్లలు నా వెనకాల పెట్టుకున్నదే, నేనే వాడేసుకుంటున్నాను.)

ముందు ఒకటి తేల్చుకుందాం. నాలుక గరుకుకీ రుచికీ సంబంధం లేదు. నాలుక మీద బుడిపెల్ని పాఠాల్లో సూక్ష్మాంకురాలు అంటాం, అవన్నీ ఒకటి కాదు. పుట్టగొడుగుల్లా తల ఉబ్బినవి కొన్ని, నాలుక వెనకాల చుట్టూ కందకం తవ్వినట్టు గుండ్రంగా ఉండే పెద్దవి కొన్ని, పక్కల ఆకుమడతల్లా ఉండేవి కొన్ని. రుచి మొగ్గలుండేది వీటిలోనే. ఇక నాలుగో రకం ఫిలిఫాం, అంటే పోగుల్లాంటివి. మన నాలుక మీద కూడా లెక్కకి అవే ఎక్కువ, కానీ వాటిలో రుచి మొగ్గ ఒక్కటీ ఉండదు. వాటి పని పట్టుకోవడం, గీరడం, లోపలికి తోయడం. వాటి పై పొర కెరటిన్‌తో గట్టిపడుతుంది, గోరూ కొమ్మూ తయారయ్యేది ఆ సరుకుతోనే. మనిషి నాలుక మీద ఆ పొర పల్చన, అందుకే మనకి పెద్దగా తెలియదు. పులి నాలుక మధ్య భాగంలో అదే ముల్లు అయిపోతుంది, కొన గొంతు వైపు వంగి ఉంటుంది.

ఉద్దానం వాళ్లకి సులువుగా అర్థం కావాలంటే పనసకాయ తొక్కని తలుచుకోండి. ఆ బొడిపెలన్నీ నిటారుగా కాకుండా ఒకే వైపు వాలిపోయి ఉన్నాయనుకోండి. వాలు వెంట చెయ్యి జారిస్తే ఏమీ కాదు, ఎదురు రాస్తే గీరుకుపోతుంది. పులి నాకినప్పుడు ఎముకకి తగిలేది ఎదురు వైపు.

జీడితోట

మా పనసకాయని ఎక్కడెక్కడికో తీసుకెళ్లారు మేడం, సంతోషం 😀

మందులసంచి

ఆవు సంగతి నేను చెబుతాను. ముప్ఫై ఏళ్లకి పైగా పశువుల నోళ్లలో చెయ్యి పెట్టి బతికినవాణ్ని, రిటైరై చీపురుపల్లిలో ఉంటున్నాను.

ఆవుకి పై దవడలో ముందుపళ్లు లేవు, ఆ చోట గట్టి చిగురు దిండులా ఉంటుంది. అందుకని గడ్డిని గుర్రం కొరికినట్టు పళ్లతో కొరకదు. నాలుక బయటికి చాపి, గడ్డి కుదురు చుట్టూ తిప్పి, లోపలికి లాక్కుని, కింది పళ్లకీ ఆ దిండుకీ మధ్య నొక్కి తల విదిలించి తెంపుతుంది. తెల్లవారుజామున గట్టు మీద పక్కన కూర్చుని వినండి, టప్ టప్ మని తెగే చప్పుడు వినపడుతుంది. మంచు పట్టిన గడ్డి ఎంత జారుతుందో తెలుసుగా, నాలుక నున్నగా ఉంటే ఆ గడ్డి పట్టు దొరుకుతుందా? అందుకే ముందు భాగమంతా కొనదేలిన గరుకు, అన్నీ గొంతు వైపే చూస్తుంటాయి. పట్టిన గడ్డి లోపలికి పోవడమే గానీ వెనక్కి రావడం ఉండదు. బుగ్గల లోపల ఇంకా పెద్దవి ఉంటాయి, వేలంత కాకపోయినా వేలికి బాగా తగిలేంత. మాత్ర మింగించడానికి చెయ్యి పెట్టిన ప్రతిసారీ నా మణికట్టు మీద గీతలు పడేవి.

ఇంకోటి. నాలుక వెనక సగంలో పైకి ఒక దిమ్మ లేచి ఉంటుంది. మేతని అంగిట్లోకి అదిమి పట్టేది ఆ దిమ్మే. దానికి సరిగ్గా ముందు ఒక గుంట. గొడవంతా ఆ గుంటతోనే. వరి నూగో, ముల్లో, గట్టి పరకో అక్కడ గుచ్చుకుని ఇరుక్కుంటుంది, పుండు పడుతుంది, అందులోకి సూక్ష్మజీవి చేరితే నాలుక మొత్తం చెక్కలా బిగిసిపోతుంది. గొడ్డు మేత మీద ఆశగా మూతి పెడుతుంది గానీ నాలుక కదలదు, చొంగ కారుస్తూ అలా నిలబడుతుంది. మొదటి రెండు రోజులూ దిష్టి తీసి, మూడో రోజు మాకు కబురు పెట్టేవారు.

గంటస్తంభం

ఇదంతా బాగుంది బాబాయ్, కానీ అడిగింది పులి గురించి, మీరు సాలలోంచి బయటికి రావట్లేదు.

మందులసంచి

అడవిదున్నా ఆవూ దగ్గర చుట్టాలే నాయనా. అడవిదున్న నోట్లో చెయ్యి పెట్టే అదృష్టం నాకు రాలేదు, నీకొస్తే మిగిలిన చేత్తో టైప్ చేసి చెప్పు.

కప్పల మేడం

😂 సరే, పులికే వద్దాం. 2018లో అమెరికాలోని జార్జియా టెక్‌లో అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హూ అనే ఇద్దరు పిల్లి జాతుల నాలుకల మీద చేసిన పరిశోధన బయటికొచ్చింది. మొదలైన తీరు చూస్తే నవ్వొస్తుంది, నోయెల్ ఇంట్లో పిల్లి దుప్పటి నాకబోయి నాలుక దుప్పట్లో ఇరికించుకుంది. అక్కణ్నుంచి ఇంటిపిల్లి, బాబ్‌క్యాట్, ప్యూమా, మంచుచిరుత, పులి, సింహం, ఆరింటి నాలుకలూ చూశారు. అప్పటిదాకా ఆ ముల్లు లోపల నిండుగా ఉండే శంకువనే అనుకునేవారు. స్కాన్ చేస్తే కొన బోలుగా, ఒక పక్క తెరుచుకుని ఉంది. పసిపిల్లలకి పాలు పట్టే ఉగ్గుగిన్నె ముక్కు ఎలా ఉంటుంది? అచ్చం అలాగే. ఆరు జాతుల్లోనూ అదే తీరు.

ఆ గాడిలోకి ఉమ్మి దానంతటదే ఎక్కుతుంది, ఒత్తి నూనె పీల్చుకున్నట్టు. ముల్లు బొచ్చు లోపలికి దిగినప్పుడు ఆ తడి అడుగున చర్మం దాకా చేరుతుంది. ఇంటిపిల్లి నాలుక మీద అలాంటివి 290 దాకా ఉంటాయని లెక్కగట్టారు. అంటే మనం ఉప్పుకాగితం అనుకుంటున్నది నిజానికి దువ్వెనా, తడిగుడ్డా కలిసిన పనిముట్టు. ఆ తడి ఆరుతుంటే ఒళ్లు కూడా చల్లబడుతుంది, పిల్లి జాతికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు కదా.

పిల్లుల పద్మ

ఓహో. ముళ్లు లోపలికి వంగి ఉండటం వల్లేనా మరి ఊడిన బొచ్చంతా ఉమ్మలేక మింగేస్తుంది? మొన్న శుభ్రంగా ఉతికిన దుప్పటి మీద బొచ్చు ఉండ కక్కింది, వేలి పొడవు. నేనేదో రోగమనుకుని ఒక రోజంతా టెన్షన్ పడ్డాను.

కప్పల మేడం

అంతేనమ్మా. ఆ వాలు మీద వెంట్రుక ముందుకి రాలేదు, గొంతులోకే దారి.

రాజాం రమణ

మేడం గారూ, చాలా బాగా చెప్పారు. మరి తోలు సంగతి తేల్చలేదు?

కప్పల మేడం

ఒక్క నాకుడుకి ఊడదు. ఆడపులి కళ్లు తెరవని పిల్లల్ని కూడా అదే నాలుకతో రోజంతా నాకుతుంది, వాటి తోళ్లు ఊడట్లేదు కదా. ఎంత గట్టిగా అదిమి నాకుతోంది, ఒకే చోట ఎన్నిసార్లు నాకుతోంది, దాన్నిబట్టి ఉంటుంది. ఎముక మీద పీచు గీరేటప్పుడు తల బరువంతా వేస్తుంది. అలా మన చేతి మీద పదే పదే చేస్తే పైపొర లేచిపోతుంది, రక్తం కూడా రావచ్చు. తాత గారు విన్న కథలో "ఒక్కసారి" అన్నది తీసేస్తే నాకు అభ్యంతరం లేదు.

గంటస్తంభం

పులి పిల్లకి బొచ్చుంటుంది మేడం, మనిషి చేతికి ఏముంది?

కప్పల మేడం

మంచి మాటే. బొచ్చు అడ్డం ఉంటుంది కాబట్టి ముల్లు చర్మానికి నేరుగా తగలదు. ఈ పాయింట్ మీకు ఇచ్చేస్తున్నాను. తోలు మాత్రం ఇవ్వను.

జీడితోట

పులుల సంగతి మీరు మాట్లాడుకోండి, మాకు రోజూ ఎలుగుబంటితోనే పని. జీడిమామిడి పళ్ల కాలం, పనస పండే కాలం వచ్చిందంటే తోటకి ఒంటరిగా పోవాలంటే గుండె దడ. మా వైపు ఎలుగు దాడుల్లో పోయినవాళ్లున్నారు, చేతులూ ముఖాలూ పోగొట్టుకున్నవాళ్లున్నారు, కాబట్టి ఇది చదివి ఎవరూ సరదాగా దగ్గరికెళ్లి చూద్దామనుకోవద్దు.

నేను ఒకసారి విన్నాను, చూశానని చెప్పను, విన్నాను. వెలుతురు ఇంకా సరిగ్గా రాలేదు. మా తోట చివర పెద్ద పుట్ట ఉంది. అటు నుంచి ముందు "ఫూ" మని గట్టిగా ఊదిన చప్పుడు, వెంటనే "జుర్ర్" మని పీల్చిన చప్పుడు. మళ్లీ ఊదడం, మళ్లీ పీల్చడం. ఎవరో మోటారుకి గాలి కొడుతున్నారేమో అనుకున్నాను, అంత పొద్దున్న తోటలో మోటారేమిటి అని ఆలోచన వచ్చేసరికి కాళ్లు చల్లబడ్డాయి. చెప్పులు అక్కడే వదిలేసి వచ్చేశాను. మర్నాడు పదిమందిమి పోయి చూస్తే పుట్ట సగం తవ్వేసి ఉంది, చెదలు లేవు, నా చెప్పులున్నాయి.

నా డౌటేంటంటే, అది నాలుకతో నాకి తింటుందా, పీల్చి తింటుందా? దాని నాలుక కూడా పులి నాలుకలా ఉంటుందా?

కప్పల మేడం

మీరు విన్నది అచ్చంగా అదే. ముందు ఊది దుమ్ము ఎగరగొడుతుంది, తర్వాత చెదల్ని పీలుస్తుంది. మన ఎలుగుబంటికి పై దవడలో మధ్యనుండే రెండు ముందుపళ్లు పుట్టుకతోనే రావు. మిగతా ఎలుగులకి 42 పళ్లయితే దీనికి 40. ఆ సందూ, గుంటలా లోతైన అంగిలీ, ముందుకి సాగే పొడవాటి పెదవులూ కలిస్తే గొట్టం తయారవుతుంది. మట్టి ముక్కులోకి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు కూడా. ఆ పీల్చే చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. నాలుక పొడవైనదే, కానీ ఇక్కడ నాలుక ఒక్కటే పని చేయట్లేదు, పెదవీ పన్నూ అంగిలీ అన్నీ కలిసి చేస్తున్నాయి. పులిలా ముళ్లతో ఎముక గీరే అవసరం చెదలు తినేదానికి లేదుగా.

చెప్పులు వదిలేసి మంచి పని చేశారు.

కొమరాడ కుర్రోడు

చెదలంటే గుర్తొచ్చింది, అలుగు (ఒళ్లంతా పొలుసులుండే పాంగోలిన్) నాలుక పొట్టలో నుంచి మొదలవుతుందని మా ఊళ్లో పెద్దాళ్లు అనేవారు. నిజమా, కోతా?

కప్పల మేడం

పూర్తిగా కోత కాదు. చాలా జంతువులకి నాలుక మొదలు గొంతు దగ్గరి ఎముకకి ఉంటుంది. అలుగుకి ఆ మొదలు ఛాతీ లోపలికి, రొమ్ము ఎముక చివర దాకా పోతుంది. పళ్లు అసలే లేవు. సన్నగా, జిగురుగా ఉండే నాలుకని చీమల పుట్టలోకి దూర్చి లాగుతుంది, ఇక్కడ గరుకు పని చేయదు, జిగురు చేస్తుంది. దక్షిణ అమెరికాలో ఉండే పెద్ద చీమలతిండి జంతువుది కూడా అదే పద్ధతి, దాని నాలుక 60 సెంటీమీటర్ల దాకా బయటికొస్తుంది, నిమిషానికి 150 సార్లు లోపలికీ బయటికీ ఆడిస్తుంది.

ఎవరికైనా అలుగు కనపడితే పట్టుకోవద్దు, కొంటామన్నవాళ్ల మాట వినొద్దు. 1972 వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా రక్షణ ఉన్న జంతువు అది, జైలు ఖాయం.

కొమరాడ కుర్రోడు

పట్టుకోవడమా, ఇప్పుడు మా గొడవ ఏనుగులతో. 2018లో ఒడిశా వైపు నుంచి దిగినప్పటి నుంచి కురుపాం, కొమరాడ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి, జిల్లా పేరు మారింది గానీ ఏనుగులు మారలేదు. (మీరంతా ఇంకా మమ్మల్ని విజయనగరం జిల్లా వాళ్లమనే అనుకుంటున్నారు, మాది 2022 నుంచి పార్వతీపురం మన్యం.) ఒకసారి మా డాబా మీద నుంచి అరటితోటలో ఒకదాన్ని చాలాసేపు చూశాను. బోదెని కాలితో నొక్కి చీల్చి, తొండంతో ముక్క తీసి నోట్లో పెట్టుకుంటోంది. నోరు తెరిచినప్పుడు నాలుక కనపడింది, లేత గులాబీ రంగు, లావుగా, నున్నగా. గంటసేపట్లో ఒక్కసారీ నాలుక బయటికి పెట్టలేదు, మూతి కూడా నాక్కోలేదు. అంత జంతువుకి నాలుక పనే లేదా?

కప్పల మేడం

ఏనుగు నాలుక బయటికి చాపలేదు. ముందు భాగం కింద దవడకి పట్టేసి ఉంటుంది. ఆవు నాలుకతో చేసే పని, అందుకోవడం, చుట్టడం, తెంపడం, అదంతా తొండం చూసుకుంటుంది. నాలుకకి మిగిలింది లోపలికొచ్చినదాన్ని దవడపళ్ల కిందకి తోయడం, వెనక్కి నెట్టడం. బయట పని లేనప్పుడు బయట పనికి కావాల్సిన ముళ్లూ అక్కర్లేదు. మీరు చూసిన నునుపు అదే.

సాలూరు సంచారి

దీనికి పూర్తిగా రివర్స్ జిరాఫీ. మైసూరు జూలో చూశాను, కొమ్మ అందకపోతే నాలుక తాడులా బయటికొచ్చి కొమ్మని చుట్టేసింది, 45 నుంచి 50 సెంటీమీటర్లు ఉంటుందట. ముందు సగం నల్లగా, నేరేడుపళ్లు తిన్న పిల్లాడి నాలుకలా ఉంది. నాకు మొదట జబ్బేమో అనిపించింది. రోజంతా నాలుక బయటే ఉంటుంది కాబట్టి ఎండకి కమిలిపోకుండా ఆ రంగని అక్కడ చెప్పారు. అది తినేది మన తుమ్మచెట్టు జాతే, ఇంతింత ముళ్లు, ఆ ముళ్ల మధ్య నుంచి ఆకుని ఎలా దూసుకుంటుందో చూసి తీరాలి.

మందులసంచి

జిరాఫీ కూడా నెమరు వేసేదే, దానికీ పై ముందుపళ్లు ఉండవు. తోలు మందం, ఉమ్మి చిక్కన. పద్ధతి ఆవుదే, పొడవు మాత్రం పెంచారు.

భావనపాడు అల

నేలమీద జంతువులేనా, మా వైపు చూడరా? నీలి తిమింగలం నాలుక ఒక్కటే ఏనుగంత బరువుంటుందట. దాని మీద కూడా ముళ్లుంటాయా?

కప్పల మేడం

ముళ్లేం ఉండవు, కండ కూడా తక్కువే, మెత్తగా సంచిలా ఉంటుంది. నీలి తిమింగలం నోరు తెరుచుకుని రొయ్యల్లాంటి చిన్న జీవాల (క్రిల్) గుంపు మీదకి దూకినప్పుడు లోపలికి దూసుకొచ్చే నీళ్లకి నాలుక వెనక్కి తిరగబడి, గొంతు కింద తిత్తిలో పరుచుకుంటుంది. తర్వాత ఆ నీళ్లని నోటి అంచున వేలాడే పీచు జల్లెడలోంచి బయటికి తోసేస్తుంది. అలలో వల దులపడం మీకు తెలుసుగా, అలాంటిదే. బూడిద తిమింగలం నాలుకలో ఇంకో విద్య ఉంది, చలి నీళ్లలో నోరు తెరిస్తే ఒంట్లో వేడి పోతుంది కదా, పోకుండా నాలుకలో చల్లటి రక్తమూ వెచ్చటి రక్తమూ పక్కపక్కన ఎదురెదురుగా పారుతూ వేడి ఇచ్చిపుచ్చుకుంటాయి. 1997లో బయటపెట్టారు.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది డాల్ఫిన్ పిల్ల నాలుక. పుట్టినప్పుడు అంచు చుట్టూ పరికిణీ కుచ్చులా చిన్న చిన్న వేళ్లుంటాయి. నీళ్లలో తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు ఆ కుచ్చు బిగుసుకుని పాలల్లో ఉప్పునీళ్లు కలవకుండా చూస్తుంది. పాలు మానేసి పెద్దదయ్యేకొద్దీ ఆ కుచ్చు అరిగిపోతుంది.

భావనపాడు అల

ఇన్నేళ్లు సముద్రం మీద ఉన్నాం, డాల్ఫిన్ నోరు ఎప్పుడూ తెరిచి చూడలేదు. మా నాన్నకి చెప్తే నమ్మడు.

గంటస్తంభం

మరి రుచి సంగతి? కొన మీద తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని స్కూల్లో బొమ్మ వేయించారు, పది మార్కులు. పులికి కూడా అంతేనా?

కప్పల మేడం

ఆ బొమ్మని మర్చిపోండి. 1901లో హేనిగ్ అనే జర్మన్ చూపించింది కొన్ని చోట్ల కొన్ని రుచులు కొంచెం ముందు తెలుస్తాయని మాత్రమే. తర్వాత దాన్ని గీసినవాళ్లు గళ్లు గళ్లుగా పంచేశారు, పాఠ్యపుస్తకాలన్నీ కాపీ కొట్టాయి. రుచి మొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. మీకు పడ్డ పది మార్కులు నేను వెనక్కి అడగను.

పులికి తీపే తెలియదు. తీపిని పట్టే గ్రాహకంలో సగం తయారుచేసే జన్యువు పిల్లి జాతిలో పాడైపోయింది, 2005లో ఇంటిపిల్లి, పులి, చీతా మూడింట్లోనూ చూసి తేల్చారు. తిమింగలాలూ డాల్ఫిన్లూ ఇంకా ఘోరం, తీపి, చేదు, పులుపు అన్నిటికీ సంబంధించిన జన్యువులు పనికిరాకుండా పోయాయి, ఉప్పు ఒక్కటే మిగిలినట్టుంది. చేపని నమలకుండా మింగేవాళ్లకి రుచితో పనేముంది.

పిల్లుల పద్మ

అయ్యో, సంక్రాంతికి మాడుగుల హల్వా సగం ముక్క మా పెద్ద పిల్లికి పెట్టాను! పళ్లెం కూడా నాకేసింది మరి.

కప్పల మేడం

నెయ్యి కోసమమ్మా. హల్వాలో తీపి మీది, నెయ్యి దానిది.

మందులసంచి

గరుకు ఎంత ముఖ్యమో నాకు బాగా తెలిసొచ్చింది గాలికుంటు వచ్చినప్పుడు. నోట్లో బొబ్బలు లేస్తాయి, పగులుతాయి. ఒకసారి ఒక ఎద్దు నాలుక పట్టుకుని పక్కకి లాగబోతే పైపొర మొత్తం, గరుకుతో సహా, తడిసిన మేజోడు ఊడొచ్చినట్టు నా చేతిలోకి వచ్చేసింది. కింద ఎర్రటి మాంసం. ఆ ఎద్దు కళ్లు ఇప్పటికీ గుర్తే. పుండు రోజుల్లోనే పూడుతుంది గానీ ఆ చోట కొన్నాళ్లపాటు నున్నగా, బుడిపెలు లేకుండా మచ్చలా ఉంటుంది, ముట్టుకుంటే తెలుస్తుంది. గడ్డి పట్టు చిక్కక పక్కనుంచి జారిపోతుంటే రైతు గంజి కాచి పోసేవాడు. టీకా వేయించండి బాబూ, వచ్చాక ఏడవడం కంటే అది నయం.

రాజాం రమణ

బాబాయ్ గారూ, చదువుతుంటేనే నా నాలుక మండుతోంది. మా ఆవుకి వేయించాం.

అయితే పిల్లాడికి ఇలా చెప్పేస్తాను, సరిగ్గా ఉందేమో చూడండి. ఆవు గరుకు గడ్డిని పట్టి లోపలికి లాగడానికి, పులి గరుకు మాంసం గీరడానికీ బొచ్చు దువ్వుకోవడానికీ. కాబట్టి ఆవు ఎముక జోలికి పోదు.

మందులసంచి

మొదటి రెండూ సరే. మూడోది కొట్టెయ్. ఆవు ఎముక జోలికి పోతుంది.

మేతలో భాస్వరం తక్కువైతే ఆవు ఎముకలు వెతుక్కుని మరీ నములుతుంది. నేను కళ్లారా చూశాను, గెడ్డ ఒడ్డున పాత ఎముక ఒకటి నోట్లో పెట్టుకుని గంటసేపు అటూ ఇటూ తిప్పుతూ ఉంది, పిల్లాడు బిళ్ల చప్పరించినట్టు. నేలలో లోపం ఉన్న చోట ఇది మామూలే. అడవిలో జిరాఫీలు కూడా ఎముకలు నమలడం చూసినవాళ్లున్నారు. కాకపోతే పులిలా మాంసం కోసం కాదు, లోపలున్న ఖనిజం కోసం. కుళ్లిన కళేబరం ఎముక అయితే విషం ఎక్కి పశువు చచ్చిపోవచ్చు, అందుకే లాక్కుని పారేయాలి. గోడలు నాకుతోందన్నా, మట్టి తింటోందన్నా, మూత్రం నాకుతోందన్నా మినరల్ మిక్చరు మొదలుపెట్టు, ఉప్పు దిమ్మ కట్టు.

గంటస్తంభం

అయిపోయింది రమణ బావ పరువు.

రాజాం రమణ (సోమవారం రాత్రి)

పరువు నిన్ననే పోయింది బావా, ఇవాళ మిగిలింది కూడా పోయింది. సాయంత్రం వాడికి మొత్తం చెప్పాను, ఉగ్గుగిన్నె ముల్లు, ఎలుగు చెప్పులు, డాల్ఫిన్ కుచ్చు, అన్నీ. అంతా విని "అయితే మన ఆవుకి దిమ్మ ఉందో లేదో చూద్దాం" అన్నాడు. మా నాన్న మూతి పట్టుకుని నాలుక పక్కకి లాగారు, నేను ఫోన్ టార్చి వేశాను. దిమ్మ ఉంది, దాని ముందు గుంటా ఉంది, గుంటలో ఒక వరిపరక అడ్డంగా కూర్చుని ఉంది, నాన్నే వేలితో తీసేశారు. దిమ్మకి వెనక రెండు పక్కలా గుండ్రటి బుడిపెలు వరసగా, మేడం చెప్పిన కందకాలతో సహా కనపడ్డాయి. వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఎడమ పక్క పదకొండు దాకా వచ్చాడు.

మందులసంచి

పదకొండు కరెక్టే, పక్కకి ఎనిమిది నుంచి పదిహేడు దాకా ఉంటాయి. కుడి పక్క ఎన్ని?

రాజాం రమణ

కుడి పక్కకి టార్చి తిప్పేలోపు నాన్న పట్టు జారింది. ఇప్పుడు ఇది మా అక్క ఫోన్ నుంచి రాస్తున్నాను.